కింగ్ ఆలివర్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున, మిసిసిపీ నది యొడ్డున న్యూ ఆర్లియన్స్ అను రేవు పట్టణము కలదు. ఇరువదవ శతాబ్దపు తొలినాళ్లలో అచ్చటి నల్లజాతి ప్రజల నడుమ జాజ్ అను సంగీతము రూపొందెను. ఆ పట్టణమున శవయాత్రల ముందు సైతము బ్యాండు మేళము నడచును. శ్మశానమునకు పోవునపుడు విషాద గీతములను, మరలి వచ్చునపుడు ఉల్లాస గీతములను వాయించుట ఆచారము. అట్టి మేళములలో ఆరితేరినవాడు జోసెఫ్ ఆలివర్.

ఆలివర్‌కు బాల్యముననే ఒక కంటి చూపు పోయెను. ఆయన వాద్యము కార్నెట్. అది ట్రంపెట్టు వంటి ఇత్తడి బూర. కాని దానికంటె కొంచెము పొట్టిది. దాని వెడల్పైన కొనకు గ్లాసులను, గిన్నెలను అడ్డుపెట్టి ఆయన మానవుని ఏడ్పును, నవ్వును అందు పలికించెడివాడు. జనులు ఆయనను కింగ్, అనగా రాజు, అను బిరుదుతో పిలువసాగిరి.

ఆ పట్టణముననే లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ అను నిరుపేద బాలుడుండెను. ఆలివర్ వానికి కార్నెట్ వాదనములోని మెలకువలు నేర్పెను. తన పాత కార్నెట్ ఒకటి బహుమానముగా నిచ్చెను. ఆలివర్ భార్య వానికి కడుపునిండ అన్నము పెట్టుచుండెడిది.

మొదటి ప్రపంచ యుద్ధము ముగియు కాలమున వేలకొలది నల్లజాతివారు పని వెదకుకొనుచు ఉత్తర నగరములకు తరలిపోయిరి. ఆలివర్ కూడ చికాగో చేరెను. 1922లో అచ్చట ఆయన క్రియోల్ జాజ్ బ్యాండునకు నాయకుడై, శిష్యుని పిలిపించి తన ప్రక్కన రెండవ కార్నెట్ వాద్యకునిగా నిలుపుకొనెను. ముందుగా వ్రాసికొన్నది లేకయే గురుశిష్యులు ఒక్క పెట్టున జంటస్వరములు పలికించుచుండ శ్రోతలు విస్మయము నొందెడివారు.

1923 ఏప్రిల్‌లో ఆ బృందము ఇండియానా రాష్ట్రములోని రిచ్‌మండ్ పట్టణమున గ్రామఫోను రికార్డుల కొరకు వాయించెను. నాడు విద్యుత్ మైక్రోఫోను వాడుకలోనికి రాలేదు. అందరును ఒక పెద్ద గరాటు ముందు నిలిచి వాయింపవలెను. ఆర్మ్‌స్ట్రాంగ్ నాదము మిక్కిలి బలమైనదగుటచే ఆతనిని మిగిలినవారికి దూరముగా వెనుక నిలుపవలసి వచ్చెను. శిష్యుడు గురువును మించుచున్నాడని నాడే తేటతెల్లమయ్యెను. ఆ సంగతి ఆలివర్‌కు తెలియకపోలేదు. ఆతడు తన చెంతనున్నంతవరకు తన పేరునకు లోటు రాదని ఆయన భావించినట్లు బృందములోని వారు చెప్పిరి. అయినను 1924లో ఆర్మ్‌స్ట్రాంగ్ విడిపోయెను.

పిదప ఆలివర్‌కు కాలము కలిసిరాలేదు. 1927లో న్యూయార్కులోని కాటన్ క్లబ్ ఆహ్వానింపగా, ప్రతిఫలము చాలదని ఆయన నిరాకరించెను. ఆ అవకాశము నందుకొని డ్యూక్ ఎలింగ్టన్ లోకప్రసిద్ధుడయ్యెను. చిగుళ్ల వ్యాధిచే ఆలివర్ దంతములు చెడెను. దంతములు లేనివానికి బూర ఊదుట దుర్లభము. ఆర్థిక మాంద్యమున బ్యాంకు మూతపడి, దాచుకొన్న ధనము పోయెను. అయినను ఆయన యువకులను కూడగట్టుకొని, పాత బస్సులలో ఊరూర తిరుగుచు మేళము నడపెను.

కడకు జార్జియా రాష్ట్రములోని సవానా పట్టణమున ఆయన పండ్లు కూరగాయలు అమ్మెను. ఒక ఆటశాలను ఊడ్చు పనిలో కుదిరెను. 1937లో ఆ ఊరికి వచ్చిన ఆర్మ్‌స్ట్రాంగ్ అంగడి కడ నిలిచిన గురువును చూచి దుఃఖించి, తన చేతనున్న ధనమును ఆయన కిచ్చెను. ఆ రాత్రి కచేరీకి ఆలివర్ మంచి దుస్తులు ధరించి, పూర్వపు ఠీవితోనే వచ్చెను.

న్యూయార్కునకు టిక్కెట్టు కొనుటకై చిల్లర నాణెములు కూడబెట్టుచుంటిననియు, ఒక డాలరు అరువది సెంట్లు చేరినవనియు ఆయన తన సోదరికి జాబు వ్రాసెను. ఆ టిక్కెట్టు కొనకయే 1938 ఏప్రిల్‌లో మరణించెను. ఇంటి అద్దెకై దాచిన డబ్బు వెచ్చించి సోదరి ఆయన దేహమును న్యూయార్కునకు రప్పించెను. అంత్యక్రియలకు ఆర్మ్‌స్ట్రాంగ్ వచ్చెను. సమాధిపై శిలాఫలకము నిలుపుటకు మాత్రము ఆమె వద్ద ధనము మిగులలేదు.

ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రపంచమంతట కీర్తి నొందిన పిదపను తన విద్యకు మూలము ఆలివరే యని చెప్పుట మానలేదు. సంపద, ఆరోగ్యము, బిరుదు అన్నియు ఆలివర్‌ను విడిచిపోయినవి. ఒక పేద బాలునకు నేర్పిన విద్య మాత్రము నిలిచినది.