నిపుణుని వెదకిన దివాను: మొదటి సాలార్‌జంగ్

ఖమ్మం సీమ నుండి భద్రాచలం అడవుల వైపు సాగితే ఇల్లెందు, కొత్తగూడెం గనులు కనిపిస్తాయి. ఆ నేల చరిత్రను తలచినప్పుడల్లా మాకు హైదరాబాదు దివాను మొదటి సాలార్‌జంగ్ స్ఫురణకు వస్తారు. తనకు తెలియని విద్య అవసరమైనప్పుడు, అది తెలిసినవానిని ఏ విధంగా సమకూర్చుకోవాలో ఆయన జీవితం బోధిస్తుంది.

మీర్ తురాబ్ అలీఖాన్ 1829లో జన్మించారు. 1853లో, 24 ఏండ్ల ప్రాయంలోనే దివాను పదవి చేపట్టారు. అప్పులలో మునిగిన ఖజానాను చక్కదిద్దారు. 1865లో జిలాబందీ ద్వారా రాజ్యాన్ని జిల్లాలుగా విభజించారు. పరిపాలనలో ఆయన దిట్ట. కాని యంత్రశాస్త్రం, భూగర్భశాస్త్రం ఆయన అభ్యసించినవి కావు.

1871లో ఇల్లెందు సమీపాన డాక్టర్ విలియం కింగ్ బొగ్గును కనుగొన్నారు. 1874లో వాడి నుండి హైదరాబాదుకు రైలు వచ్చింది. బొగ్గు ఉన్నది, దానిని కోరే రైలూ ఉన్నది. అయితే పొర మందమెంత, నాణ్యమెంత, త్రవ్వకానికి వ్యయమెంత అని తేల్చగల స్వంత మనిషి లేకపోతే యజమాని పరుల మాటనే నమ్మవలసి ఉంటుంది. 1876లో ఇంగ్లండుకు వెళ్ళినప్పుడు సాలార్‌జంగ్ యువకుడైన సయ్యద్ అలీ బిల్‌గ్రామీని వెంట తీసుకొని వెళ్ళారు. ఆయన లండనులోని రాయల్ స్కూల్ ఆఫ్ మైన్స్‌లో చదివి వచ్చి, సంస్థానపు గనుల శాఖకు అధిపతి అయ్యారు. బహుభాషావేత్త అయిన ఆయనకు తెలుగు కూడా వచ్చును.

1883లో సాలార్‌జంగ్ కన్నుమూశారు. 1886లో లండనులో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు దక్కాయి. వాటాల బేరంలో సంస్థానపు ఉన్నతోద్యోగి ఒకరు విశేషంగా లాభపడినారన్న వివాదం చెలరేగి, 1888లో బ్రిటిష్ పార్లమెంటు సంఘం విచారణ జరిపింది. 1889లో ఇల్లెందులో త్రవ్వకం ఆరంభమైనది. నేలలోని బొగ్గు నిజమే. నడుమ నిలిచినవారి బేరమే రాజ్యానికి అపకీర్తి తెచ్చినది.

నేడు మన విద్యార్థులలో వాణిజ్యశాస్త్రం చదివినవారు కంప్యూటరు ఆధారంగా సంస్థలు స్థాపించాలని ఉత్సాహపడుతున్నారు. వారికి మేము చెప్పదలచినది ఒక్కటే. పని తెలిసినవానిని కూలికి పిలిచే మనిషిగా చూడవద్దు. మాటకారి దళారిని నిపుణుడని భ్రమపడవద్దు. ఆ విద్యలో ప్రశ్నలడుగగలిగినంత మీరూ నేర్చుకోండి. చిన్న పనిలో కలిసి నడిచి పరీక్షించండి. ఆ తరువాత వాటాలూ, బాధ్యతలూ కాగితం మీద వ్రాసుకోండి. మనిషిని ముందు ఎంచి, అతడు నేర్చుకొని వచ్చేవరకు ఓపిక పట్టిన ఆ దివాను మార్గమే మనకు శ్రేయోదాయకమని మా విశ్వాసం.