లెక్కలను తెలుగు పద్యాల్లో చెప్పిన పావులూరి మల్లన

తెలుగులో ఆదికవి ఎవరని అడిగితే మన ఇళ్ళలో చిన్నపిల్లలు కూడా నన్నయ అంటారు. తెలుగులో మొదటి లెక్కల పుస్తకం రాసినదెవరని అడిగితే పెద్దవాళ్ళు కూడా కాసేపు ఆలోచిస్తారు. ఆయన పేరు పావులూరి మల్లన. రాష్ట్రం బయట స్థిరపడిన మన తెలుగువారికి ఆయన కథ రెండు విధాల దగ్గరిది. ఆయన ఆధారంగా తీసుకున్న పుస్తకం పుట్టింది కన్నడదేశంలో. ఆయన కుటుంబానికి రాజు ఇచ్చిన ఊరు యానాంకు ఎంతో దూరం లేని పిఠాపురం దగ్గర. అందుకే ఈసారి ఆయన గురించి రాస్తున్నాము.

పావులూరు ఇంటిపేరు ఇచ్చిన ఊరు. 1022లో పట్టానికి వచ్చిన రాజరాజ నరేంద్రుడు రాజమహేంద్రవరం నుంచి వేంగిని ఏలాడు. నన్నయ చేత భారతం తెనిగించినది ఆయనే. ఆ రాజు వద్ద పిఠాపురం సమీపాన నవఖండవాడను అగ్రహారంగా పొందినది మల్లన వంశం. తాత పేరూ, మనవడి పేరూ మల్లనే కావడంతో, గణితం రాసినది తాత అని కొందరు పండితులు, మనవడని మరికొందరు వాదించారు. ఆ వాదం తేల్చడం మా పని కాదు. తాతా మనవళ్ళలో ఎవరైనా, నన్నయ కాలానికి అటూఇటూగా ఒక తెలుగువాడు లెక్కలను తెలుగులో చెప్పాలనుకున్నాడన్నది మాకు ముఖ్యం.

ఇక మూలం సంగతి. క్రీస్తుశకం 850 ప్రాంతంలో రాష్ట్రకూట చక్రవర్తి అమోఘవర్ష నృపతుంగుడి కాలంలో మహావీరాచార్యుడనే జైన పండితుడు సంస్కృతంలో గణితసార సంగ్రహం రాశాడు. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం ఇప్పటి కలబురగి జిల్లాలోని మళఖేడ్. నక్షత్రాల లెక్కలతో కలపకుండా, లెక్కల కోసమే రాసిన పుస్తకం ఇది. ఇందులో త్రైరాశికం ఉంది, అంటే ఇంత సరుకు ఇంతకు వస్తే అంత సరుకు ఎంతకు వస్తుందనే లెక్క. అసలు, వడ్డీ, గడువులలో రెండు తెలిస్తే మూడోది కనుక్కోవడం ఉంది. వాయిదాల మీద అప్పు తీర్చడం, పెట్టుబడిని బట్టి లాభం పంచుకోవడం, వేర్వేరు మాటు బంగారాలు కలిపి కరిగిస్తే ఎంత మాటు వస్తుందో చూడడం, ఇవన్నీ ఉన్నాయి. సంతలో, కంసాలి దుకాణంలో, వడ్డీ వ్యాపారి అరుగు మీద పనికొచ్చే విద్య ఇది.

ఒక్క లెక్క చూడండి. ముగ్గురు వర్తకులకు దారిలో డబ్బు సంచి కనబడింది. ఇది నాకు దక్కితే మీ ఇద్దరి సొమ్ముకు రెండింతలు నాకుంటుందన్నాడు మొదటివాడు. నాకైతే మూడింతలన్నాడు రెండోవాడు. ఐదింతలన్నాడు మూడోవాడు. సంచిలో 15, వాళ్ళ చేతుల్లో 1, 3, 5 ఉన్నాయనుకుంటే సరిపోతుంది. మీ ఇంట్లో పిల్లలకు జవాబు చెప్పకుండా ఇచ్చి చూడండి.

ఈ పుస్తకాన్ని మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. పేరు సారసంగ్రహ గణితం. జనంలో మాత్రం పావులూరి గణితంగానే నిలిచింది. ఆయన మూలాన్ని మక్కికి మక్కి దించలేదు. కొన్ని వదిలాడు, కొన్ని కొత్త లెక్కలు చేర్చాడు. తాను శైవుడు గనుక జైన ప్రస్తావనలను శైవానికి మార్చుకున్నాడు. నన్నయ భారతం తెనిగించినట్టే మల్లన లెక్కలను తెనిగించాడని మా అభిప్రాయం. భారతానికి కనీసం కథ ఉంది. భిన్నాలకు ఛందస్సు కుదర్చడానికి ఎంత ఓపిక కావాలో ఊహించుకోండి!

చదరంగం గళ్ళ లెక్క పద్యం ఆయన పేరుతోనే ప్రసిద్ధి. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా 64 గళ్ళకూ రెట్టింపు చేసుకుంటూ పోతే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఈ 20 అంకెలనూ మల్లన ఒక్క పద్యంలో ఇమిడ్చాడు. చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు, మన్మథుడి బాణాలంటే ఐదు. అలా మాటలుగా మార్చి, ఒకట్ల స్థానం నుంచి వరసగా చెప్పాడు. పద్యం నోటికొస్తే అంకె మరిచిపోయే ప్రశ్నే లేదు. పది గళ్ళ వరకు గింజలు దోసిట్లో పడతాయి, తరువాత రాజుగారి గాదెలు చాలవు. చక్రవడ్డీ స్వభావం తెలియాలంటే ఇంతకు మించిన పాఠం మాకు కనబడలేదు.

ఉద్యోగ జీవితమంతా బిల్లులు, చిట్టాలు చూసినవాళ్ళం కనుక ఒక మాట చెప్పుకోవాలి. మన పిల్లలు కన్నడంలోనో, తమిళంలోనో, ఇంగ్లీషులోనో చదువుకుంటున్నారు. మార్కులు బాగానే వస్తున్నాయి. కానీ నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతమని ఇంట్లో అమ్మమ్మ చెబితే వాళ్ళకు వింతగా ఉంటోంది. లక్ష రూపాయల అప్పు, 12 శాతం ఫ్లాట్ వడ్డీ, 12 నెలల వాయిదాలు అనగానే సంతకం పెడుతున్నారు. నెలకు 9,333 చొప్పున కట్టాలి. ప్రతి నెలా అసలు తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొత్తం లక్ష మీదే వేస్తారు. తగ్గుతున్న అసలు మీద లెక్కిస్తే అది 21 శాతం దాటుతుంది. ఈ తేడాను బడిలో ఎవరూ విడమరచి చెప్పడం లేదు. ఇంట్లో చెప్పగలిగిన తాతలు, అమ్మమ్మలు ఉన్నారు. వాళ్ళ లెక్క తెలుగులో ఉంది, పిల్లల లెక్క మరో భాషలో ఉంది. మధ్యలో లాభపడేది అప్పు ఇచ్చేవాడే.

మహావీరాచార్యుని గ్రంథాన్ని 1912లో ఎం. రంగాచార్యులు గారు ఇంగ్లీషు అనువాదంతో మద్రాసులో అచ్చు వేయించారు. దాంతో దేశవిదేశాల గణితజ్ఞులకు ఆయన పేరు తెలిసింది. మల్లన పేరు మాత్రం ఎక్కువగా తెలుగు సాహిత్య చరిత్రలలోనే, నన్నయ తరువాత రెండు మూడు వాక్యాలుగా ఉండిపోయింది. లెక్కల పంతుళ్ళు ఆయనను కవి అనుకున్నారు, తెలుగు పంతుళ్ళు లెక్కలవాడు అనుకున్నారు.

వచ్చే ఆదివారం సంఘం తరగతిలో పిల్లల చేత చదరంగం బల్ల మీద బియ్యం గింజలు పెట్టించబోతున్నాము. తెలుగులోనే లెక్కపెట్టాలి. అమ్మమ్మలు, తాతయ్యలు కూడా రావాలి. బియ్యం సంఘమే తెస్తుంది.