నాకు చూపు నేర్పిన రాజా దీన్‌దయాళ్

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని మిత్రులు అడిగితే, నరసరావుపేటలో ముప్ఫై ఏళ్లు ఫొటో స్టూడియో నడిపినవాణ్ణి, నాకు కెమెరా తప్ప ఇంకేం తెలుసు అన్నాను. అయితే దాని గురించే రాయమన్నారు. అందుకే నేను గురువుగా తలచే రాజా దీన్‌దయాళ్ గారి గురించి రాస్తున్నాను.

ఆయన 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలో ఇంజనీరింగ్ చదువుకుని, ఇండోర్‌లో పబ్లిక్ వర్క్స్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ముప్ఫై ఏళ్లు వచ్చాకే కెమెరా పట్టారు. సర్ హెన్రీ డాలీ అనే దొర ప్రోత్సహించాడు. తరువాత సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట బుందేల్‌ఖండ్ అంతా తిరిగి గ్వాలియర్, ఖజురాహో, ఓర్ఛా వంటి చోట్ల పాత కోటలను, గుళ్లను ఫొటోలు తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి.

ఆ పైన సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరై, ముసవ్విర్ జంగ్ బిరుదు పొందారు. ఘోషా స్త్రీల కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. 1905లో కన్నుమూశారు. దర్బారులు, వేటలు, విందుల ఫొటోలతోనే లోకం ఆయన్ని గుర్తుపెట్టుకుంది.

నాకు మాత్రం ఆ పాత గోడలే ఇష్టం. బరువైన కెమెరా, స్టాండు, గాజు పలకలు మోసుకుని అంత దూరం పోవాలి. మనలా పది తీసి ఒకటి ఉంచుకునే వీలు లేదు. అందుకే ఎండ ఏ వైపు నుంచి పడుతుందో, నీడ ఏ రాతి మీద ఆగుతుందో చూసుకుని తీసేవారు. నిక్కచ్చిగా గీతలు గీసిన చెయ్యి కదా! కూలిన గోడను కూలినట్టే, మొలిచిన చెట్టును మొలిచినట్టే చూపించారు. అవి చూశాకే నేను కొండవీటి కోట మెట్లెక్కాను. అంతకుముందు అది నాకు రాళ్లగుట్ట. పెచ్చులూడిన గోడలో వేరు దిగిన చోటు ఎంత అందంగా ఉంటుందో అప్పుడు తెలిసింది.

ఆయన గాజు పలకలు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో వాళ్లు కొనుక్కున్నారు. పగిలిపోయే గాజు వందేళ్లు నిలిచింది.

ఇక నా సంగతి. మన బడి పాత పెంకుల సావడి కూల్చిన వారం నేను ఊళ్లోనే ఉన్నాను. స్టూడియో నుంచి పది నిమిషాల నడక. పెళ్లిళ్ల సీజను, వరసగా మూడు ఆర్డర్లు. రేపు వెళ్దాంలే అనుకున్నాను. వెళ్లేసరికి ఇటుకల గుట్ట మిగిలింది. ఈ సంచికకు ఆ సావడి ఫొటో ఇమ్మని కమిటీవారు అడిగితే తలెత్తలేకపోయాను.

ఇందులో పదో తరగతి గ్రూపు ఫొటో ఒకటి వేస్తున్నారు. వెనక వరస పిల్లల తలల మీదుగా చూడండి, పెంకుల అంచు జానెడు కనిపిస్తుంది. నా దగ్గర ఉన్నది అంతే.