కాలిన్ మెకంజీ

కాలిన్ మెకంజీ (1754 - 1821 మే 8) ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరు, భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్. తెలుగువారికి ఇతడు కైఫియత్తులు, అనగా గ్రామాల స్థానిక చరిత్రలు, సేకరించినవాడిగా పరిచితుడు. సేనల వెంట వెళ్ళి, ఆక్రమిత ప్రాంతాల చారిత్రక సంపదను నమోదు చేసి కాపాడాడు; అందులో కొంత స్వస్థలం విడిచిపోవడానికీ కారకుడయ్యాడు.

జీవిత విశేషాలు

మెకంజీ స్కాట్లండుకు చెందిన లూయిస్ ద్వీపంలోని స్టోర్నోవేలో జన్మించాడు. 1783లో మద్రాసు చేరాడు. 1799లో శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొని, అనంతరం మైసూరు రాజ్యాన్ని సర్వే చేశాడు. 1815లో సర్వేయర్ జనరల్ అయ్యాడు. ఇతడికి దేశభాషలు రావు. గ్రామాల్లో తిరిగి కరణాలను, పండితులను విచారించి, శాసనాలకు నకళ్ళు తీసినది కావలి వెంకట బొర్రయ్య, అతని సోదరుడు లక్ష్మయ్య మొదలైన సహాయకులు. బొర్రయ్య 1803లో మరణించగా ఆ బాధ్యతను లక్ష్మయ్య స్వీకరించాడు.

అమరావతి

కృష్ణా తీరాన అమరావతిలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్టణం నిర్మిస్తుండగా, ఇటుకలకూ రాళ్ళకూ అక్కడి దిబ్బను తవ్వారు. అది బౌద్ధ స్తూపం. 1798లో మెకంజీ దానిని చూశాడు. 1816లో తిరిగి వచ్చేనాటికి స్తూపం నడిభాగం చెరువుగా మారింది. మిగిలిన శిల్పాలకు చిత్రకారులచేత కొలతలతో బొమ్మలు గీయించాడు. కొన్ని ఫలకాలు మచిలీపట్నం మీదుగా కలకత్తాకు తరలిపోయాయి. తరువాత కనబడకుండా పోయిన అనేక శిల్పాలకు ఆ బొమ్మలే ఆధారం.

జావా

1811లో బ్రిటిషు వారు జావాను ఆక్రమించినపుడు మెకంజీ సైనిక ఇంజనీరుగా వెళ్ళాడు. 1812 జూన్‌లో సేనలు యోగ్యకర్త సుల్తాను కోటను కొల్లగొట్టి, రాజ గ్రంథాలయాన్నీ దోచుకున్నాయి. ఆ వ్రాతప్రతులు రాఫెల్స్, క్రాఫర్డ్, మెకంజీల పాలయ్యాయి. 2019లో బ్రిటిష్ లైబ్రరీ 75 ప్రతుల డిజిటల్ నకళ్ళను సుల్తానుకు అందజేసింది. మూలప్రతులు లండనులోనే ఉండిపోయాయి.

మెకంజీ సేకరణలు

మెకంజీ కలకత్తాలో మరణించాడు. ఇతడి సేకరణలను కంపెనీ లక్ష రూపాయలకు కొన్నది. 1828లో విల్సన్ ప్రకటించిన జాబితా ప్రకారం వాటిలో 1,568 వ్రాతప్రతులు, 8,076 శాసన ప్రతులు, 6,218 నాణేలు ఉన్నాయి. వీటిలో కొంత భాగం లండను చేరగా, కొంత మద్రాసుకు వచ్చింది. శిథిలమవుతున్న తెలుగు కైఫియత్తులకు సి.పి. బ్రౌన్ నకళ్ళు రాయించాడు.

అంచనా

అమరావతిలో ధ్వంసం మొదలుపెట్టినది స్థానిక పాలకుడు. ఉన్నంతవరకు చిత్రించి పెట్టినది పరాయి సైనికుడు. జావాలో గ్రంథాలయం స్వస్థానం కోల్పోయినది ఆ సైనికుడు పనిచేసిన సేన చేతిలోనే. అందువలన మెకంజీని కేవలం రక్షకుడనో, కేవలం అపహర్త అనో చెప్పడం సరికాదు. గ్రామచరిత్రలు నకళ్ళ రూపంలో దక్షిణ దేశంలోనే మిగలడం వల్ల తెలుగు పరిశోధకులకు అందుబాటులోకి వచ్చాయి.