ఫిడేలు నాయుడుగారి చదువు

ఖరగపూరునుండి మద్రాసు వైపు సాగు రైలు బాలేశ్వరము, కటకము, బరంపురము దాటి విజయనగరము చేరును. బెంగాల్ నాగపూర్ రైల్వే దినములలో ఆ దారినే తెలుగు కుటుంబములు అనేకము వర్క్‌షాపు పనులకై తరలివచ్చి ఖరగపూరు రైల్వే పేటలలో స్థిరపడినవి. చూపు మందగించిన బిడ్డయో, వినికిడి లేని బిడ్డయో ఇంట నున్నప్పుడు, వీనికి చదువెందులకని పెద్దలు నిట్టూర్చుట ఏ ఊరనైనను కలదు. అట్టి ఇంట చెప్పుకొనదగిన జీవితమొకటి ఆ రైలు దారిమీది విజయనగరముననే నడచినది. అది ద్వారం వేంకటస్వామి నాయుడుగారి జీవితము.

నాయుడుగారు 1893 నవంబరు 8వ తేదీన, దీపావళినాడు, బెంగుళూరులో జన్మించిరి. తండ్రి సైన్యమున ఉద్యోగి. పెరిగినది విశాఖపట్టణమున. పుట్టినది దీపముల పండుగనాడే యైనను, బాల్యమునుండియు ఆయన చూపు మందమే. బడి చదువు నడుమనే ఆగిపోయెను. ఆ కాలమున బడి యనగా నల్లబల్లయు పుస్తకమును. ఆ రెండును కానరానివానికి బడిలో చోటు లేదు. లోపము కంటిలోనిదా, బడిలోనిదా యని ఆలోచించినవారు అరుదు.

అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు తమ్మునికి ఫిడేలు చేతికిచ్చి తొలి పాఠములు చెప్పిరి. ఈ ఎన్నిక ఎంత తగినదో ఆ వాద్యము నెరిగినవారికి తెలియును. వీణకున్నట్లు ఫిడేలుకు మెట్లు లేవు. స్వరమెక్కడ నున్నదో కన్ను చూపజాలదు. వ్రేలును చెవియు కలిసి వెదకి పట్టవలెను. కుడిచేతి కమాను ఎంత ఒత్తవలెనో, ఎంత దూరము లాగవలెనో చెప్పునదియు చెవియే. చూపు చాలని బాలుడు తోడి పిల్లలతో సమానముగా నిలువగల చోటు అది. ఆ పిదప సాధన ఆయనదే. అన్న దారి చూపగలడే కాని నడువలేడు కదా!

ఇంతలో విజయనగరమున మరియొక అంధబాలుని చదువు ప్రసక్తి వచ్చెను. సంస్థానోద్యోగియగు చాగంటి జోగారావుగారి కుమారుడు గంగబాబునకు చూపు లేదు. అతనికి సంగీతము నేర్పు మార్గము చూపుమని తండ్రి మహారాజు నర్థించిరి. పూసపాటి విజయరామ గజపతి మహారాజు ఒక గురువును నియమించి ఊరకుండలేదు. 1919 ఫిబ్రవరి 5వ తేదీన, వసంత పంచమినాడు, సంగీత కళాశాలనే నెలకొల్పిరి. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులైరి. ఆ బాలునకు నెలకింత భరణ మేర్పరచియుండినచో ఒక ఇల్లు గడచెడిది. విద్య నేర్పించ బూనుటవలన కళాశాల వెలసినది.

జోగారావుగారు రాజానుగ్రహమును వేడవలసివచ్చెను. నేటి తండ్రికి అది హక్కు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము, 40 శాతమునకు తగ్గని వైకల్యముగల బిడ్డకు ఆరవ యేటినుండి పదునెనిమిదవ యేటివరకు ఉచిత విద్య లభింపవలెను. ప్రభుత్వ ఉన్నత విద్యాలయములలో 5 శాతమునకు తగ్గకుండ స్థానములు అట్టివారికి కేటాయింపవలెను. ఖరగపూరు ప్రక్కనే హిజ్లీలో 1951లో ఆరంభమైన ఐ.ఐ.టి.కిని ఈ నియమము వర్తించును. అయినను ఏ చదువు కావలెనన్న ప్రశ్నకు ఏ చట్టమును బదులు చెప్పజాలదు. ఆ మాట బిడ్డ నోటినుండియే రావలెను. పెద్దలు ఆ ప్రశ్న నడుగుటయే మరచి, తమకు సులువుగా తోచిన దానిని బిడ్డకు అంటగట్టుచుందురు.

నాయుడుగారు తమకేమి కావలెనో తామే నిశ్చయించుకొనిరి. అప్పటికే చేయితిరిగిన వాద్యగాండ్రయ్యును, ఇంకను నేర్వవలసినది కలదని తలచి, విద్యార్థిగా చేరుటకు ఆ కళాశాలకు వెళ్లిరి. వారి వాయిద్యము విన్న పెద్దలు విద్యార్థిగా చేర్చుకొనుటకు సమ్మతింపలేదు. ఫిడేలు ఆచార్య పదవినే ఇచ్చిరి. అప్పటికి వారి వయస్సు ఇరువదియారేండ్లు. కన్నును కాక కమానును చూచి నిర్ణయించిన ఆ పెద్దల విజ్ఞతయు స్మరింపదగినది. 1936లో నారాయణదాసుగారి తరువాత కళాశాల అధ్యక్ష పదవియు నాయుడుగారినే వరించెను. బడి మానిన బాలుడు కళాశాలకు పెద్ద యయ్యెను. ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చదువుకొన్నది ఆ కళాశాలలోనే.

శిష్యులు చక్కగా వాయించుట ఎంత ముఖ్యమో, చక్కగా వినుట అంతకన్న ముఖ్యమని నాయుడుగారి మతము. తామును అట్లే వినిరి. పాశ్చాత్యుల కమాను పద్ధతిని శ్రద్ధగా పరిశీలించి, అందు మన సంగీతమునకు ఒదుగు దానిని గ్రహించిరి. గాయకునకు ప్రక్కవాద్యముగా నున్న ఫిడేలును ముందునకు తెచ్చి, 1938లో వెల్లూరులో ఒంటిగా కచేరీ చేసిరి. 1941లో మద్రాసు సంగీత అకాడమీవారి సంగీత కళానిధి బిరుదము, 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారము, 1957లో పద్మశ్రీ లభించినవి. 1952లో మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి రాజమన్నారుగారి ఇంట, లోకప్రసిద్ధుడగు యెహుదీ మెనుహిన్ వారి వాయిద్యము విని ఎంతయు ముగ్ధుడయ్యెను. ఇన్ని గౌరవములు వచ్చినను తెలుగువారి నాలుకలపై ఆయన ఫిడేలు నాయుడుగారే.

1964 నవంబరు 25వ తేదీన నాయుడుగారు పరమపదించిరి. కుమార్తె మంగతాయారుగారు ఫిడేలు విదుషియై తండ్రి బాణీని నిలిపిరి. శతజయంతి వత్సరమగు 1993లో తపాలా శాఖ వారి చిత్రముతో బిళ్ళను వెలువరించెను. గంగబాబు కొరకై ఆరంభమైన ఆ కళాశాల విజయనగరమున నేటికిని నడచుచున్నది.