రహీం సాహెబు

సయ్యద్ అబ్దుల్ రహీం 1909వ సంవత్సరమున హైదరాబాదులో జన్మించెను. ఆయన బడిపంతులుగా పనిచేసెను. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టునకు శిక్షకుడయ్యెను. 1950లో భారత జట్టు భారమును వహించెను. అందరును ఆయనను రహీం సాహెబు అని పిలిచెడివారు.

ఆటగాండ్రలో పలువురకు ఒక కాలే వాటము. రెండవ కాలివైపు వచ్చిన బంతిని త్రిప్పుకొనులోపల ప్రత్యర్థి అడ్డుపడును. అందుచే రహీం, వాటము లేని కాలితోనే ఆడవలెనను నియమముతో పోటీలు నడపెను. బంతి గురి తప్పకుండుటకు తన్నెడి కాలి బలమొక్కటే చాలదు. నిలిచిన పాదము బంతి ప్రక్కనే కుదురుగా ఆనవలెను. తన్నెడి కాలి చీలమండ బిగిసియుండవలెను. చూపు బంతిపై నిలువవలెను. వాటము లేని కాలికి ఇవన్నియు సాధనచేతనే అబ్బును.

ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును, 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాల్గవ స్థానమును పొందెను. 1962 నాటికి కాన్సరు వ్యాధి ఆయన దేహమును క్రుంగదీయుచుండెను. అయినను ఆయన జట్టును విడువక జకార్తాకు వెళ్లెను. అచట ఆసియా క్రీడల తుది పోటీలో మనవారు దక్షిణ కొరియాను 2–1 గోల్సుతో ఓడించి మరల స్వర్ణము గెలిచిరి.

మరుసటి యేడు జూన్ 11న రహీం కన్నుమూసెను. బలహీనమైన కాలిని వదలివేయక దానికే ఎక్కువ పని చెప్పుట ఆయన నేర్పిన పాఠము.