మున్నేటి ఒడ్డున పుట్టిన చదువుల ఉద్యమం: కొమర్రాజు లక్ష్మణరావు జీవితం

ఖమ్మం పక్కనుంచి పారే మున్నేరు దిగువకు పోయి కృష్ణలో కలుస్తుంది. ఆ దారిలో పెనుగంచిప్రోలు అనే ఊరుంది. తిరుపతమ్మ తిరునాళ్లకు మన వైపు నుంచి పోయినవాళ్లందరికీ ఆ ఊరు తెలుసు. కాని ఆ ఊళ్లో 1877 మే 18న పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు పేరు మన కూలి పేటల్లో చాలామంది విని ఉండరు. తెలంగాణ పల్లెల్లో సంఘం పుట్టకముందు పత్రికలు పుట్టాయి. పత్రికలు ఊళ్లకు రాకముందు గ్రంథాలయం పుట్టింది. ఆ గ్రంథాలయానికి పునాది రాయి వేసిన కొద్దిమందిలో ఈయన ఒకడు. అందుకే ఆయన జీవితం మనం కూడా తెలుసుకోవాలి.

లక్ష్మణరావు పసితనంలోనే తండ్రి చనిపోయాడు. కొంతకాలం సవతి అన్న దగ్గర భువనగిరిలో పెరిగాడు. తర్వాత అక్క అచ్చమాంబ కాపురం ఉన్న నాగపూరు చేరాడు. ఆమె భర్త బండారు మాధవరావు అక్కడ ఉద్యోగి. తమ్ముణ్ణి బడిలో వేసి చదివించింది ఆ ఇల్లే.

ఇక్కడ అచ్చమాంబ సంగతి చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం. చిన్నతనంలోనే పెళ్లయిపోయిన ఆ పిల్లను ఎవరూ బడికి పంపలేదు. తమ్ముడు ఇంట్లో చదువుకుంటుంటే పక్కన కూర్చుని అక్షరాలు పట్టుకుంది. తెలుగు వచ్చింది, హిందీ, మరాఠీ వచ్చాయి. అంతటితో ఆగలేదు. ఆడవాళ్ల చరిత్రలు వెతికి పుస్తకం రాసింది, కథలు రాసింది. 1902లో బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టింది. ఊరూరా తిరిగి ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి చదువు గురించి మాట్లాడింది. 1905లో ముప్పై ఏళ్ల వయసుకే చనిపోయింది. బడి మొహం చూడని మనిషి పెద్దయ్యాక నేర్చుకుని, పదిమందికి నేర్పవచ్చని తమ్ముడికి కళ్లారా చూపించింది అక్కే. ఆ తర్వాత ఆయన చేసిన పనులన్నిటి వెనకా ఈ అనుభవం ఉందని మనం అనుకోవచ్చు.

లక్ష్మణరావు ఎం.ఏ. కూడా కాలేజీలో కూర్చుని చదివింది కాదు. ఉద్యోగం చేసుకుంటూ ప్రైవేటుగా కట్టి ప్యాసయ్యాడు. మునగాల జమీందారు నాయని వెంకట రంగారావు దగ్గర కొలువులో చేరి దివాను అయ్యాడు. అప్పట్లో మునగాల పరగణా చుట్టూ నైజాం రాజ్యం, పరగణా మాత్రం కృష్ణా జిల్లా కింద ఇంగ్లీషు వాళ్ల పాలన. అందువల్ల ఆయనకు రెండు వైపులా రాకపోకలుండేవి. నైజాం ఇలాకాలో తెలుగువాడి గతి ఏమిటో దగ్గరగా చూశాడు.

ఏమిటా గతి? జనంలో ఎక్కువమంది తెలుగువాళ్లు. కచేరీలో, కోర్టులో నడిచేది ఉర్దూ. బడులు అక్కడొకటి ఇక్కడొకటి. అక్షరం ముక్క వచ్చినవాళ్లు నూటికి అయిదుగురు కూడా లేరు. పటేలు పట్వారీ ఏ కాగితం చూపిస్తే దానిమీద వేలిముద్ర వేయాల్సిందే. వెట్టి ఎందుకు చేయాలో అడగడానికి నోరు లేదు, ఏ కానూను ఏం చెబుతుందో తెలుసుకోవడానికి దారి లేదు.

ఈ పరిస్థితుల్లో 1901 సెప్టెంబరు 1న హైదరాబాదులో రావిచెట్టు రంగారావు ఇంట్లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం మొదలైంది. లక్ష్మణరావు, మునగాల రాజా, రావిచెట్టు, మరికొందరు మిత్రులు కలిసి పెట్టారు. 1904లో హనుమకొండలో రాజరాజ నరేంద్ర భాషా నిలయం, మరుసటి ఏడు సికిందరాబాదులో ఇంకొకటి వచ్చాయి. బీరువాలో పుస్తకాలు పెట్టి తాళం వేసే చోట్లు కావివి. పత్రిక ఒకరు చదువుతుంటే పదిమంది వినేవారు. ఉపన్యాసాలుండేవి, చర్చలుండేవి. ముసలివాళ్లకూ కుర్రవాళ్లకూ ఒకే చాప.

పుస్తకాలు పెట్టే చోటు వచ్చింది, మరి అందులో పెట్టడానికి తెలుగులో పుస్తకాలేవి? పురాణాలున్నాయి, ప్రబంధాలున్నాయి. భూమి ఎట్లా తిరుగుతుందో, జ్వరం ఎందుకొస్తుందో, ఇతర దేశాల్లో జనం ఏంచేస్తున్నారో చెప్పే పుస్తకాలు దాదాపు లేవు. అందుకని 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. మొదటి పుస్తకం గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకను చరిత్ర. బానిసత్వాన్ని రద్దు చేసినవాడి కథతో మొదలుపెట్టడం గమనించాల్సిన విషయం. ఆ గాడిచర్లే 1908లో రాజద్రోహం కేసులో జైలుకు పోయాడు, బయటికొచ్చాక వయోజన విద్య కోసం చివరిదాకా పనిచేశాడు. మండలి తర్వాత మద్రాసుకు మారింది. చరిత్ర, జీవశాస్త్రం, పదార్థ విజ్ఞానం, రసాయన శాస్త్రం, నవలలు వరసగా అచ్చువేసింది. లక్ష్మణరావు స్వయంగా శివాజీ చరిత్రతో పాటు హిందూ, మహమ్మదీయ మహాయుగాల చరిత్రలు రాశాడు.

ఆ తర్వాత ఇంకా పెద్ద పని నెత్తికెత్తుకున్నాడు. లోకంలోని శాస్త్రాలన్నీ అకారాది క్రమంలో తెలుగులో పెట్టాలని ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టాడు. మూడు సంపుటాలు వచ్చేసరికి ఇంకా అకారమే నడుస్తున్నది. 1923 జులై 12న, నలభై ఆరేళ్లకే, మద్రాసులో కన్నుమూశాడు. ఆ పనిని కాశీనాథుని నాగేశ్వరరావు తర్వాత మళ్లీ తలకెత్తుకున్నాడు. అక్క పేరు పెట్టుకున్న కూతురు అచ్చమాంబ డాక్టరై, 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికైంది.

ఇంతవరకూ చెప్పి ఆపితే ఇది పొగడ్తే అవుతుంది. మనం అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది. ఆ గ్రంథాలయాల్లోకి పాలేరు వచ్చాడా? నాట్లేసే అమ్మ వచ్చిందా? మాదిగ పల్లె నుంచి ఎవరైనా వచ్చి ఆ చాప మీద కూర్చున్నారా? చాలావరకు లేదు. అక్కడికి చేరింది వకీళ్లు, ఉద్యోగులు, కాస్త చదివిన మధ్యతరగతి. ఇంకో సంగతి. గ్రంథాలయాలకు ఉదారంగా డబ్బిచ్చిన ఆ జమీందారు పరగణాలోనే, లక్ష్మణరావు పోయిన తర్వాత, 1930లలో రైతులు వెట్టికీ అక్రమ వసూళ్లకూ ఎదురు తిరిగారు, దెబ్బలు తిన్నారు, జైళ్లకు పోయారు. పుస్తకానికి ఇచ్చిన పైసా, రైతు దగ్గర గుంజిన పైసా ఒకే పెట్టెలోంచి వచ్చాయి. దీన్ని దాచనక్కర్లేదు. దాచితే చరిత్ర మనకు పాఠం చెప్పదు.

అయితే తలుపు ఒకసారి తెరుచుకున్నాక లోపలికి ఎవరు రావాలో తెరిచినవాడి చేతిలో ఉండదు. 1921లో ఆంధ్ర జనసంఘం పుట్టింది, ఊళ్లలో గ్రంథాలయాలు, బడులు పెట్టడం దాని మొదటి పనుల్లో ఒకటి. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. 1934లో మహాసభ ఖమ్మంలో జరిగినప్పుడు తీర్మానాలు వినతిపత్రాల భాషలోనే ఉండేవి. 1945లో మళ్లీ ఖమ్మంలోనే జరిగేనాటికి ఎర్రజెండా కింద పల్లె జనం తరలివచ్చారు. జనం దాన్ని సంఘం అని పిలిచారు. పత్రిక చదివి వినిపించే అలవాటు గ్రంథాలయం నుంచి రచ్చబండకు, అక్కడినుంచి గుడిసెకు దిగింది. చదువుకున్నవాళ్లు మొదలుపెట్టిన పనిని చదువు లేనివాళ్లు తమదిగా చేసుకున్నారు.

ఇది పాత ముచ్చట మాత్రమే కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకునే ఆడవాళ్లు వాచకంలోని పాఠం మీద రాత్రి బడిలో మాట్లాడుకున్నారు. ఆ మాటలు సారా కొట్టు దాకా పోయాయి. కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి సర్కారు సారా నిషేధించక తప్పలేదు.

ఇక మన అడవి అంచు సంగతి. నేను బడిలో చదివింది తక్కువ. చిన్నప్పుడు మా అమ్మతో తునికాకు కల్లానికి పోయేవాణ్ణి. కట్టకు యాభై ఆకులు. ఎన్ని కట్టలు పోశామో కల్లేదారు పుస్తకంలో ఏం రాశాడో మాకు తెలియదు. అంకెలు నేర్చుకున్న ఏడాది మొదటిసారి ఆ పుస్తకంలోకి తొంగి చూశాను. మేం పోసినవాటికీ రాసినవాటికీ తేడా ఉంది. అడిగితే మొదట కసిరాడు, మర్నాడు నుంచి సరిగా రాశాడు. నాకు చదువంటే ఏమిటో తెలిసింది ఆ రోజే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు భూమికి దరఖాస్తు పెట్టాలంటే ఫారం నింపాలి, గ్రామసభలో తీర్మానం రాయాలి. కాగితం సాక్ష్యం లేనిచోట ఊరి పెద్దల మాటను రాసి పెట్టినా సాక్ష్యమేనని చట్టం నియమాలే చెబుతున్నాయి. కాని రాసేదెవరు? ఆ తాతకు కోయ మాట వచ్చు, ఫారం తెలుగులో ఉంటుంది. 2014లో భద్రాచలం చుట్టుపక్కల మండలాలు ఆంధ్రలో కలిశాక చాలా గూడేల వాళ్లకు ఏ కాగితం ఏ జిల్లా కచేరీలో ఇవ్వాలో కూడా కొత్తగా తెలుసుకోవాల్సి వచ్చింది.

అందుకని కార్యకర్తలకు ఒక మాట. నెలకొక మీటింగు పెట్టి ఉపన్యాసం చెప్పి వస్తే చాలదు. వారానికి రెండు రాత్రులు, గూడెం మధ్యలో, పడుచులూ ముసలివాళ్లూ ఆడవాళ్లూ కూర్చునే చోట చదువు నడపాలి. వాచకంతో మొదలుపెట్టనక్కర్లేదు. కూలి చీటీతో, బ్యాంకు పుస్తకంతో, పోడు కాగితంతో మొదలుపెట్టండి. కోయ తాత కోయలో చెబుతాడు, పిల్ల తెలుగులో రాస్తుంది. తాతకు అక్షరం వస్తుంది, పిల్లకు పొలిమేరల చరిత్ర వస్తుంది. తమ్ముడి పక్కన కూర్చుని అచ్చమాంబ నేర్చుకున్నదీ ఇట్లాగే.

కొమర్రాజు విజ్ఞాన సర్వస్వం అకారం దగ్గరే ఆగింది. మన పేటల్లో ఇంకా అకారం దిద్దాల్సినవాళ్లు ఉన్నారు. తునికాకు కోతకు ఇంకా రోజులున్నాయి. ఈలోగా ప్రతి గూడెంలో ఒక చాప, ఒక బల్బు, ఒక లెక్కల పుస్తకం సిద్ధం చేసుకుందాం. ఈసారి కల్లం దగ్గర కట్టల లెక్క మనవాళ్లే రాసుకోవాలి.